దారిలో ఏడుగురు అమ్మలు

నమోదు 1, సోమవారం

ఈ ఉదయం నీళ్ళ మీద బంతిపూల రేకులు తేలుతూ వచ్చాయి. మా తెప్పల మీద బంతి పూయదు. ఉప్పు గాలికి మొగ్గలోనే మాడిపోతుంది. కాబట్టి అవి గుట్ట మీద నుంచే వచ్చి ఉండాలి. నిన్న అక్కడ ఆసుపత్రిలో ఏదో సభ జరిగిందట. నేను వెళ్ళలేదు. సభలకు నేను వెళ్ళను.

పాత పుస్తకం నిండిపోయింది. అందుకే మళ్ళీ ఒకటో నంబరు నుంచి మొదలుపెడుతున్నాను. కాన్వెంటులో సిస్టర్ బెనడిక్ట నేర్పిన పద్ధతి అదే: చూసింది రాయి, అనుకున్నది తగ్గించి రాయి.

పనులు: యంత్రం మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. బ్యాటరీలు ఎండలో పెట్టాను. మా పదకొండో తెప్ప నుంచి నీటి అడుగున గుట్టకు వెళ్ళే తీగకు నత్తగుల్లలు పట్టాయి. చేతికి అందినంత మేర గీకాను.

తరువాత రోజూ చేసే హాజరు. ఈ తెప్ప మీద మూడు వందల ఆరుగురం ఉన్నాం. ఒక్కొక్కరి పేరూ గుట్ట మీది పెద్ద యంత్రానికి పంపుతాను. ఆ మనిషి ఫైళ్ళు కనిపిస్తే అది 'ఉంది' అని జవాబిస్తుంది. ఎవరికి జబ్బు చేసినా గుట్ట మీది మందుల గదికి అవే ఆధారం. ఈ నాలుగేళ్ళలో జవాబు రాని పేరు లేదు.

ఈ రోజు నలభై ఒక్కరికి రాలేదు.

తీగలో నీరు చేరిందేమో అనుకున్నాను. మూడుసార్లు పంపాను. మూడుసార్లూ అదే నలభై ఒక్కరు. అందరూ తెప్ప మీద అన్నిటికన్నా పాత ఇళ్ళవాళ్ళే. వాళ్ళలో మల్లాడి అలివేలు కూడా ఉంది. వలలు అల్లే అలివేలు. ఆమెకు ఇంకో తొమ్మిది రోజుల్లో కాన్పు. ఆమె రక్తం నెగటివ్.

నమోదు 2, మంగళవారం

ఈ రోజూ నలభై ఒక్కరే.

దారుల పొడవు లెక్కపెడుతున్నాను. దారి అంటే ఏమిటో ఇక్కడ రాసి పెడతాను. నా తరువాత ఈ పుస్తకం చూసేవాళ్ళకు పనికి రావచ్చు.

మా దగ్గర ఇల్లంటే అమ్మ. తెప్ప ఆడవాళ్ళది, వల మగవాళ్ళది. పెళ్ళయినా కూతురు తల్లి దగ్గరే ఉంటుంది. యంత్రంలోనూ అంతే. బిడ్డ పుడితే తల్లి పెట్టె లోపల బిడ్డకు ఒక పెట్టె తెరుస్తాం. ఆ బిడ్డ ఫైళ్ళన్నీ అందులో ఉంటాయి. రేపు ఆ బిడ్డ తల్లయితే, ఆ పెట్టెలో ఇంకో పెట్టె. ఒక ఫైలును చేరడానికి ఏయే పెట్టెలు దాటాలో, వాటి పేర్లన్నీ మొదటి నుంచి చివరి దాకా వరుసగా రాస్తే అది దారి.

పెద్దవాళ్ళ పేరు ఒట్టిగా రాయడం మర్యాద కాదు. అందుకని ప్రతి అమ్మ పెట్టెకూ పేరు ముందు 'శ్రీమతి', వెనుక 'గారు'. ఈ యంత్రాలను తయారు చేసినవాళ్ళకు మా అలవాటు తెలియదు. దారి మొత్తం రెండు వందల యాభై ఐదు అక్షరాలకు మించితే యంత్రానికి కనిపించదు. ఒత్తులు, గుణింతపు గుర్తులు, మాటల మధ్య ఖాళీలు, పెట్టెకూ పెట్టెకూ మధ్య గీతలు, అన్నీ దానికి అక్షరాలే. హద్దు దాటిన ఫైలు చెరిగిపోదు. ఉన్నచోటే క్షేమంగా ఉంటుంది. దాని దగ్గరకు ఎవరూ చేరలేరు, అంతే. ఆ యంత్రాలను మార్చడం తెలిసినవాళ్ళు ఇప్పుడు ఎక్కడా లేరు.

మధ్యాహ్నం అలివేలు దగ్గరకు వెళ్ళాను. చూరు కింద కాళ్ళు చాపుకుని వల కుడుతోంది. ఆమె దారి చదివి వినిపించమంది. చదివాను. శ్రీమతి మల్లాడి కన్నియమ్మ గారితో మొదలై అలివేలు అమ్మమ్మ కాసులమ్మ గారు, తల్లి వరహాలు గారి దాకా ఏడుగురు.

"ఏడుగురు అమ్మలూ, ఏడు గార్లూనా! ఇంతమందిని మోసుకు తిరుగుతన్నాను కాబట్టే నడుం ఇలా లాగేస్తంది," అంది.

"నువ్వు మోయడం లేదు. నువ్వే వాళ్ళ లోపల ఉన్నావు."

"అయితే నన్ను వాళ్ళు మొయ్యాలి కదా. ఒక్కరూ మొయ్యరేం?"

నవ్వాను. ఆమె వలలోంచి సూది తీసి నా వైపు ఊపింది. "నవ్వుతావు కానీ మాటాడవు. నీతో ఇదే తంటా జసింతా."

పాత పుస్తకంలో అలివేలు దారి పొడవు రాసి ఉంది. గుట్ట నుంచి లెక్కిస్తే రెండు వందల ముప్ఫై ఎనిమిది. బిడ్డకు పెట్టె తెరిచి, అందులో రక్తం ఫైలు పెడితే ఇంకో పది. మొత్తం రెండు వందల నలభై ఎనిమిది. ఇంకా ఏడు మిగలాలి. మరి ఎందుకు కనిపించడం లేదు?

నమోదు 3, బుధవారం

కారణం తెలిసింది.

గుట్ట మీది మందుల గది చూసే హైమవతి గారిని తీగ మీద పిలిచాను. నాకు తీగ మీద మాట్లాడడం ఇష్టం ఉండదు. ఏం అడగాలో ముందు కాగితం మీద రాసుకున్నాను.

"హైమవతి గారూ, అక్కడి యంత్రం పేరు ఏమైనా మారిందా అండీ?"

"మారకపోతే ఎలాగమ్మా! మొన్న ఆదివారం సభ ఎందుకు పెట్టామనుకున్నావ్? మన డాక్టరు గారు పోయి ఏడాదయింది. ఆసుపత్రికి ఆయన పేరు పెట్టాం. బోర్డుకు పెట్టి యంత్రానికి పెట్టకపోతే బాగుండదని దానికీ పెట్టాం. దండ నేనే వేశాను. నువ్వు రాలేదేం? లడ్డూలు మిగిలిపోయాయి కూడా."

కొత్త పేరు చెప్పమన్నాను. ఆవిడ ఒక్కో మాటా నిలిపి, గౌరవంగా చెప్పారు. డాక్టర్ పిల్లుట్ల సదానందం గారి స్మారక ఆసుపత్రి.

వేళ్ళ మీద లెక్కపెట్టాను. నలభై ఆరు. ఇంతకు ముందు ఆ పెట్టె పేరు 'గుట్ట'. అయిదు.

ప్రతి తెప్పా, ప్రతి ఇల్లూ, ప్రతి మనిషీ ఆ పెట్టె లోపలే ఉన్నాం. అంటే ఆదివారం సాయంత్రం దండ పడగానే అందరి దారులూ నలభై ఒక్క అక్షరాలు పెరిగాయి. చిన్న దారులవాళ్ళకు ఏమీ కాలేదు. పాత ఇళ్ళవాళ్ళు హద్దు దాటిపోయారు.

"కొంచెం తగ్గించడం కుదురుతుందా అండీ?"

"ఆయన పేరా? నలభై ఏళ్ళు పడవ మీద తెప్ప తెప్పకూ తిరిగిన మనిషి పేరు తగ్గించమంటావా?"

కాగితం మీద రాసుకున్నది అయిపోయింది. అందుకని ఉన్నది చెప్పాను. అలివేలు రక్తం నెగటివ్. బిడ్డది పాజిటివ్ అయితే పుట్టిన మూడు రోజుల లోపల తల్లికి సూది వెయ్యాలి. వెయ్యకపోతే ఈ బిడ్డకు ఏమీ కాదు. కానీ తల్లి రక్తం తరువాత కడుపున పడే బిడ్డలను నిలవనివ్వదు. ఆ సూది గుట్ట మీది బీరువాలోనే ఉంది. బిడ్డ రక్తం ఫైలు కనిపిస్తేనే బీరువా తెరుచుకుంటుంది. ఆ ఫైలు దారి ఇప్పుడు రెండు వందల ఎనభై తొమ్మిది. ముప్ఫై నాలుగు ఎక్కువ.

ఆవిడ, "ఉండమ్మా, చూసొస్తాను," అన్నారు. తిరిగి వచ్చేసరికి గొంతు మారిపోయింది.

"తాళం పడిపోయిందమ్మా. పోయినవాళ్ళ పేరు పెట్టిన పెట్టెకు యంత్రమే తాళం వేసుకుంటుంది. ఎవరూ వాళ్ళ పేరు చెరపకుండా పూర్వం చేసిన ఏర్పాటు. మేం ఎవరం తియ్యలేం."

"బీరువా చేత్తో తెరవలేమా అండీ?"

"దొంగతనాలు జరిగాక తాళంచెవి లేకుండా చేశారు కదా. పగలగొడితే లోపలి చల్లదనం పోతుంది. అన్ని తెప్పల మందులూ పాడవుతాయి." తరువాత, "ఆ దండ నేనే వేశానమ్మా," అన్నారు మళ్ళీ. ఈసారి వేరేలా.

నమోదు 4, గురువారం

అలివేలు అమ్మమ్మ కాసులమ్మ గారితో మాట్లాడాను. ఈ తెప్ప మీద కాన్పులన్నీ ఆవిడే చేస్తారు. అలివేలు తల్లి వరహాలు గారు పోయి పదకొండేళ్ళు. ఆవిడ రక్తమూ నెగటివే. అలివేలు మొదటి బిడ్డ. తరువాత ముగ్గురు పుట్టారు. ఎవరూ దక్కలేదు. అందుకని కాసులమ్మ గారికి సూది సంగతి నేను విడమరచి చెప్పనక్కర లేకపోయింది.

బతికున్నవాళ్ళ పెట్టె పేర్లలో మర్యాద మాటలు తీయవచ్చు. అసలు పేరు మాత్రం మార్చకూడదు. మందులు ఆ పేరు మీదే ఇస్తారు. దారిలో ఉన్న ఏడుగురు అమ్మలలో బతికున్నది కాసులమ్మ గారు ఒక్కరే. ఈ మాట ఎలా అడగాలో తెలియక గుమ్మంలో నిలబడ్డాను.

"ఏటే రాతల పిల్లా, తలుపుకి ఆనుకుని ఏటి సెప్పకుండా? లోపలికి రా," అన్నారు. చెప్పాను.

"శ్రీమతి తీసేత్తే ఎన్ని తగ్గుతాయి?"

"ఎనిమిది, మామ్మగారూ."

"గారు?"

"అయిదు."

"రెండూ పీకెయ్. వాడలో పిల్లలు ముసలీ అని పిలిత్తేనే పలుకుతన్నాను. యంత్రం పిలిత్తే కోపం వత్తాదేటి?"

తీసేశాను. పదమూడు తగ్గాయి. ఇంకా ఇరవై ఒకటి ఎక్కువ.

మిగిలిన మార్గం ఒక్కటే. అలివేలు పెట్టెను వాళ్ళ ఇంటి వరుసలోంచి తీసి వేరే చోట పెట్టాలి. దాన్ని మా దగ్గర వేరు పెట్టడం అంటారు. ఇంటి పెద్ద వేలిముద్ర వేస్తే తప్ప కుదరదు. ఆ మాట అనగానే ఆవిడ మొహం మారింది.

"ఏడు తరాల్లో మా ఇంట్లో ఎవరూ వేరుపడలేదు. ఆ చివరింటోళ్ళు పడ్డారు. తల్లీ కూతురూ ఒకే పొయ్యికాడ ఎదురెదురుగా కూకుని మాటాడుకోరు. మమ్మల్నీ అలాగ సెయ్యమంటావా?"

"గొడవ పడి కాదు కదా, మామ్మగారూ."

"యంత్రంలో రాసినాక గొడవ పడ్డామో లేదో ఎవరు సూడొచ్చారు? నా కూతురు ఎలాగూ లేదు. దాని పెట్టెలో మిగిలిన ఒక్క పిల్లనీ లాక్కుపోతానంటావు." ఆవిడ చేటలోని బియ్యం మళ్ళీ ఏరడం మొదలుపెట్టారు. "వేరే ఏదన్నా సూడు. సదువుకున్నావు కదా."

వచ్చేశాను. అలివేలును అడిగితే, "మామ్మ సరేనంటేనే," అంది.

నమోదు 5, శనివారం

నాలుగు రోజులు ముందే నొప్పులు వచ్చాయి. ఉదయం పది గంటలకు ఆడపిల్ల పుట్టింది. కాసులమ్మ గారి చేతుల మీదుగా పుట్టింది. ఏడుపు గట్టిగా ఉంది. అలివేలు బాగుంది.

బొడ్డు రక్తం చుక్క కార్డు మీద వేసి చూశాను. పాజిటివ్.

అలివేలు పెట్టెలో 'పాప' అని పెట్టె తెరిచి, అందులో రక్తం ఫైలు పెట్టాను. మా యంత్రంలో వెంటనే తెరుచుకుంది. ఇక్కడ లెక్కించేటప్పుడు ఆసుపత్రి పేరు కలవదు. గుట్టను అడిగాను. జవాబు లేదు. మళ్ళీ అడిగాను. లేదు.

పాప ఉంది. ఆ సంగతి గుట్టకు తెలియదు.

మంగళవారం పది గంటల వరకు సమయం.

నమోదు 6, ఆదివారం

ఉదయం హైమవతి గారు తనే పిలిచారు. అలివేలు కాగితం మీద సంతకం చేసి పంపితే బీరువా ఊరుకుంటుందేమోనని రాత్రంతా ఆలోచించారట. బీరువాకు కాగితాలు చదవడం రాదు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. అయినా పైకి అనాలనిపించి అన్నారు.

పాప ఫైలును ఎవరి పెట్టెలోనైనా దాచి అక్కడి నుంచి చూపిద్దామని ప్రయత్నించాను. తల్లి పెట్టెలో లేని బిడ్డ ఫైలును బీరువా తీసుకోదు. పిల్లలను మార్చేయకుండా పెట్టిన ఏర్పాటు. మంచి ఏర్పాటే.

కాబట్టి అలివేలు, పాప కలిసే కదలాలి.

కాసులమ్మ గారి ఇంటి ముందు నుంచి రెండుసార్లు నడిచాను. లోపలికి వెళ్ళలేదు. రెండోసారి ఆవిడ కిటికీలోంచి నన్ను చూశారు. పిలవలేదు.

ఇరవై నాలుగు గంటలు అయిపోయాయి.

నమోదు 7, సోమవారం

తొమ్మిది గంటలకు కాసులమ్మ గారు నా గదికి వచ్చారు. ఇంతకు ముందు ఎప్పుడూ రాలేదు. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"నా కూతురి పెట్టె తెరువు," అన్నారు.

తెరిచాను. వరహాలు గారి పెట్టెలో నాలుగు పెట్టెలు ఉన్నాయి. ఒకటి అలివేలుది. మిగతావి మూడూ చిన్నవి. ఆవిడకు చదవడం రాదు. ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించి చదివాను. బాబు. బాబు. పాప.

"పేర్లేవి?"

"పేరు పెట్టేదాకా లేరు, మామ్మగారూ. అప్పుడు అలాగే రాశారు."

"తాళం ఉందా ఈటికి?"

"ఉంది."

ఆవిడ చేత్తో తెర తుడిచారు. ఉప్పు చేయి. మూడు పెట్టెల మీదుగా తెల్లటి చార పడింది. నేను తుడవలేదు.

"అవి మందుల ఓడలు రాని ఏళ్ళు," అన్నారు. "సూది అనేది ఒకటి ఉందని కూడా మాకు తెలవదు. దిష్టి అనుకున్నాం. ఆ రెండో పిల్లోడికైతే తాళ్ళు కట్టించాను, మెడ నిండా. ఇప్పుడు తెలిసీ ఊరుకుంటే నా మనవరాలి పెట్టెలోనూ ఇలాంటివి నేనే పెట్టినట్టు." కొంగుతో మొహం తుడుచుకున్నారు. "ఎక్కడ పెడతావు దాన్ని?"

చెప్పాను. ఆసుపత్రి పెట్టె కింద నేరుగా ఐదు వందల పన్నెండు చోట్లు మాత్రమే ఉన్నాయి. ఇరవై ఏళ్ళ కిందటే నిండిపోయాయి. వాటిలో చాలావరకు తెప్పలవి, వాటి లోపలా చోటు లేదు. మిగతావి ఇంచుమించు పోయినవాళ్ళవి. పోయినవాళ్ళ పెట్టెలోంచి బయటికి తీయవచ్చు కానీ కొత్తగా ఏదీ పెట్టలేం. తెప్పల మీద బతికున్నవాళ్ళ పెట్టెలన్నీ ఏదో ఒక ఇంటి అమ్మల వరుసలోనే ఉన్నాయి. ఒక్కటి తప్ప. బతికున్న ఒక మనిషి పెట్టె నేరుగా ఆసుపత్రి కిందే ఉంది.

"ఎవరిది?"

"నాది."

ఆవిడ నన్ను పై నుంచి కింది దాకా చూశారు.

"నీ దారి అంత పొట్టిదేటి?"

"పొట్టిదే, మామ్మగారూ."

ఇంకేమీ అడగలేదు. అడగనందుకు నాకు తేలికగా అనిపించింది.

"అయితే మా పిల్ల నీ ఇంటి పిల్లవుతాది."

"యంత్రంలోనే. మీకు ఇష్టమైతేనే."

"ఎక్కడ వెయ్యాలి వేలు?"

పదిన్నరకు మొదలుపెట్టాను. మా తీగ నెమ్మది. అలివేలు పుట్టినప్పటి నుంచి ఉన్న ఫైళ్ళన్నీ వెళ్ళాలి. బరువులు, టీకాలు, చిన్నప్పుడు కాలికి తగిలిన గాలం గాయం బొమ్మలు. కాసులమ్మ గారు నేల మీద కూర్చుని తెర వైపే చూశారు. మధ్యలో ఒకసారి, "ఎక్కడిదాకా ఎల్లింది?" అన్నారు. సగం అన్నాను. "దారిలో ఆకలేత్తే?" అన్నారు. ఇద్దరం నవ్వాం.

మూడు గంటల పదినిమిషాలకు పూర్తయింది. పాప రక్తం ఫైలు దారి ఇప్పుడు డెబ్బై ఎనిమిది అక్షరాలు. గుట్టను అడిగాను.

'ఉంది.'

ఇంకోసారి అడిగాను, ఆవిడ వినేలా పైకి చదవడానికి. 'ఉంది.'

వెంటనే హైమవతి గారిని పిలిచాను. ఆవిడ బీరువా ముందే ఉన్నారట. "తెరుచుకుందమ్మా! దానంతట అదే తెరుచుకుంది!" అని ఎంత గట్టిగా అరిచారంటే, తీగ అవసరం లేకుండానే వినిపించేదేమో అనిపించింది. ఈ సాయంత్రం ఆటు. రేవులో నీళ్ళు లేక పడవ కదలదు. తెల్లవారి పోటుకు బయలుదేరితే ఎనిమిదింటికి ఇక్కడ ఉంటుంది.

నమోదు 8, మంగళవారం

పడవ ఎనిమిదీ పదికి వచ్చింది. మందు ఎవరితోనో పంపిస్తారనుకున్నాను. హైమవతి గారే వచ్చారు. మంచు డబ్బాను ఒడిలో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నారు. పక్కన ఒక స్టీలు క్యారియరు.

ఎనిమిదీ ఇరవై ఐదుకు అలివేలుకు సూది వేశారు. గంటా ముప్ఫై ఐదు నిమిషాలు మిగిలాయి.

హైమవతి గారు సిరంజి పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు. తరువాత క్యారియరు తెరిచారు. సభ నాటి లడ్డూలు. గట్టిపడి ఉన్నాయి.

"తొమ్మిది రోజుల లడ్డూలా అండీ!" అంది అలివేలు.

"తిను తల్లీ. ఇవి నీ దగ్గరకు రాకపోతే నా గొంతు దిగేలా లేవు," అన్నారు ఆవిడ.

కాసులమ్మ గారు ఒకటి తీసుకుని గడప మీద కొట్టి విరిచారు. "మీ డాక్టరు గారు మంచోరే. నాకూ తెలుసు. నా పన్ను పీకాడు. కానీ ఆయన పేరుకి మా పిల్ల గుమ్మం దాటలేకపోయింది సూడు."

"బతికుంటే ఆయనే వచ్చి చెరిపేసేవారండీ," అన్నారు హైమవతి గారు. అని కళ్ళు తుడుచుకున్నారు.

అలివేలు పాపను పక్కకు తిప్పుకుని, "ఏడుగురూ దిగిపోయారు. నడుం తేలికయింది," అంది. అనగానే అమ్మమ్మ వైపు భయంగా చూసింది.

"ఎక్కడ దిగారే? యంత్రంలో దిగారు," అన్నారు కాసులమ్మ గారు లడ్డూ నములుతూ. "నా నోట్లో ఉన్నారు. బారసాల నాడు సూద్దువు గానీ."

గదికి వచ్చి బ్యాటరీలు ఎండలో పెట్టాను. తెర మీద ఉప్పు చార అలాగే ఉంది. ఇప్పుడు తుడిచాను. తరువాత కుర్చీలో కూర్చుని మధ్యాహ్నం వరకు నిద్రపోయాను. నాలుగేళ్ళలో పని వేళ నిద్రపోవడం ఇదే మొదటిసారి.

నమోదు 9, ఇరవై ఒకటో రోజు

ఈ రోజు పాపకు బారసాల. నన్ను పిలిచారు. వెళ్ళాను.

చూరు కింద ముప్ఫై మంది దాకా ఉన్నారు. నేను గోడ పక్కన నిలబడ్డాను. కాసులమ్మ గారు పాపను ఒడిలో పెట్టుకుని చెవిలో పేరు చెప్పారు. వరహాలు. తరువాత, మా దగ్గర ఎవరూ చేయని పని ఒకటి చేశారు. అందరికీ వినబడేలా పాప దారి చెప్పారు. శ్రీమతి మల్లాడి కన్నియమ్మ గారు మొదలుకొని ఒక్కొక్క అమ్మ పేరూ, ముందు శ్రీమతితో, వెనుక గారుతో. తన పేరు దగ్గరకు వచ్చేసరికి, "మల్లాడి కాసులమ్మ, ఒట్టిదే," అన్నారు. అందరూ నవ్వారు. కూతురి పేరు మెల్లగా చెప్పారు. పాప వింటున్నట్టే ఉంది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను.

"జసింత గారు," అన్నారు చివర.

అందరూ నా వైపు తిరిగారు. నాకు గోడలోకి వెళ్ళిపోవాలనిపించింది.

"నన్ను అలా అనకండి, మామ్మగారూ. మీ మనవరాలి కన్నా నేను చిన్నదాన్ని."

"అయితే ఏటి? నీ పెట్టెలో ఉన్నాది మా పిల్ల. నువ్వు దాని ఇంటి పెద్దవి. పెద్దని ఒట్టిగా పిలవడం మా ఇంట్లో లేదు. యంత్రంలో కూడా పెట్టుకో గారు అని."

"అయిదు అక్షరాలు అండీ."

"ఇంకా బోలెడు మిగిలాయన్నావు కదా?"

"మిగిలాయి. అవి ముందు ముందు పుట్టేవాళ్ళకు ఉంచుదాం."

ఆవిడ ఒక్క క్షణం చూసి, "సరే. యంత్రంలో వద్దు. నా నోటికి హద్దు లేదు కదా?" అన్నారు. "జసింత గారూ, ఇటొచ్చి పిల్లని ఎత్తుకోండి."

అలివేలు నవ్వు ఆపుకోలేక వలలో మొహం దాచుకుంది. ఎత్తుకున్నాను. నాకు పిల్లలను ఎత్తుకోవడం రాదు. తల కింద చేయి ఎక్కడ పెట్టాలో హైమవతి గారు చూపించారు. ఆవిడ ఈసారి కొత్త లడ్డూలు తెచ్చారు.

ఉదయం హాజరు సంగతి రాయడం మరిచిపోయాను. ఈ నెలలో కాన్పు కావలసినవాళ్ళు ఇంకా ఇద్దరు ఉన్నారు. వాళ్ళ ఇళ్ళ పెద్దలు తమంతట తామే వచ్చి వేలిముద్ర వేశారు. వాళ్ళ పెట్టెలూ ఇప్పుడు నా పెట్టెలోనే ఉన్నాయి. జవాబు రానివాళ్ళు ముప్ఫై ఎనిమిది మంది. తొందర లేదు. రోజుకు ఒక ఇల్లు చొప్పున అడుగుతాను. వేరు అనే మాట మార్చాలని పెద్దల కూటంలో అనుకుంటున్నారట. ఏ మాట పెట్టినా పొట్టిగా పెట్టమని చెప్పి పంపాను.

తీగకు మళ్ళీ నత్తగుల్లలు పట్టాయి. రేపు గీకాలి.

నేను గుట్ట కింద పడవల రేవులో దొరికాను. అప్పటికి నా వయసు రెండు రోజులు. ఎవరి బిడ్డనో తెలియక, సిస్టర్ బెనడిక్ట నా పెట్టెను నేరుగా గుట్ట కిందే తెరిచారు.